ప్రాణితచిత్రోత్సవము: లక్షణలక్ష్యవిచారము

ఫ్రాన్సుదేశమున ఆల్ప్సుపర్వతముల చెంత, సరస్తీరమందున్న ఆన్సీపట్టణమున జూన్ నెలలో జరుగు అంతర్జాతీయ యానిమేషను చిత్రోత్సవము ఈ జాతి యుత్సవములలో మిగుల ప్రాచీనము, మిగుల ప్రసిద్ధము. 1956 లో కాన్ చిత్రోత్సవమున మొలకెత్తిన యీ సమావేశము 1960 లో ఆన్సీకి వచ్చి స్వతంత్రోత్సవమయ్యెను. ఆ యేఁడే ఆ పట్టణమందే అసీఫా యను అంతర్జాతీయ యానిమేషను చిత్రకారసంఘము స్థాపితమయ్యెను. స్కాట్లండున జన్మించి కెనడాలో పనిచేసిన నార్మన్ మెక్లారెన్ దానికి ప్రథమాధ్యక్షుఁడు. కొన్నేండ్ల కొకమాఱు జరుగుచుండిన యుత్సవము 1998 నుండి వార్షికోత్సవమైనది. 2020 లో మాత్రము మహామారి కారణమున ప్రేక్షకులు గుమిగూడుటకు వీలులేక యంతర్జాలమందు జరిగెను.

ఉత్సవవైభవమును వర్ణించుట యీ వ్యాసమునకు ప్రయోజనము గాదు. ఏ చిత్రము ఈ యుత్సవమున కర్హము? ఆ యర్హతను నిర్ణయించు లక్షణ మెట్టిది? కార్యక్రమపట్టికయందలి విభాగము ఆ లక్షణమున కనుగుణముగా నున్నదా? బహుమానమందిన చిత్రములు లక్షణమును సమర్థించుచున్నవా? ఈ నాలుగు ప్రశ్నములే యిందు విచార్యములు. చలచ్చిత్రములతో సాహిత్యపరిశోధకుల కేమి పని యను శంక కొందఱకుఁ గలుగవచ్చును. క్రియ యన నేమి, కర్త యెవఁడు, లక్షణ మెట్లు చేయవలెను అనునవి శాబ్దికులు రెండువేల యేండ్లుగా చర్చించిన ప్రశ్నములు. అవియే యీ యుత్సవమున తెరమీఁద నిలిచి సమాధానము కోరుచున్నవి. కావున ఈ విచారము పండితులకుఁ బరాయిది గాదు.

సంజ్ఞావిచారము

'యానిమేషను' శబ్దమునకు మూలమైన 'అనిమ' లాటినుభాషయందు ఊపిరిని, జీవమును బోధించును. ఆ శబ్దమును, సంస్కృతమున ప్రాణనార్థకమైన 'అన' ధాతువును ఏకమూలజన్యములని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ప్రాణము, అపానము, అనిలము అను పదము లన్నియు ఆ ధాతుసంతానమే. తెనుఁగున దీనికి వ్యవహారమందున్న పేళ్లు పెక్కు గలవు గాని యొక్కటియు నిర్దుష్టముగాఁ దోఁపదు. 'కార్టూను సినిమా' యన్నచో గీఁతలతో నైనవి మాత్రమే స్ఫురించును. మట్టిబొమ్మలు, ఇసుక, కాగితపు కత్తిరింపులు మొదలగు వానితో నైనవి వెలుపల నుండిపోవును గనుక అవ్యాప్తి. 'కదలుబొమ్మలు' అన్నచో ఎల్ల చలచ్చిత్రములును అట్టివే గనుక అతివ్యాప్తి. 'సజీవచిత్రము' అను పేరు ఇంపైనదే యైనను, జీవము మొదటినుండి వస్తువునందే యున్నట్లు భ్రమ పుట్టించును. ఇచ్చట జీవము ఒరునిచేతఁ బోయఁబడినది. కావున ప్రపూర్వకమైన 'అన' ధాతువునకు ప్రేరణార్థమున ణిచ్ప్రత్యయమును, దానిపై క్తప్రత్యయమును చేర్చి 'ప్రాణితము' అని వ్యవహరించుట యుక్తము. ఉపసర్గయందలి రేఫము నిమిత్తముగా వచ్చిన ణత్వము పాణినీయసిద్ధమే. ఊపిరి పోయఁబడినది యని యర్థము. పోసినవాఁ డొకఁడు గలఁడను నంశము ఆ పదమందే యిమిడియున్నది. ఈ యంశముతో వ్యాసాంతమున మరలఁ బని గలుగును.

లక్షణవిచారము

అసీఫాసంఘమువారి నియమావళియందు చిరకాలము నిలిచిన లక్షణ మిది: ప్రత్యక్షాభినయమును యథాతథముగా గ్రహించు పద్ధతి దక్క తక్కిన యుపాయము లన్నిటిచేతను కదలు ప్రతిమలను కల్పించుట యీ కళ. ఇది నిషేధముఖమైన లక్షణము. ఏది కాదో చెప్పి, ఏదో చెప్పక విడిచినది. వ్యాకరణమున నఞర్థము ద్వివిధము. పర్యుదాసమున నిషేధింపఁబడిన వస్తువునకు సదృశమైన వేఱొక వస్తువు బోధితమగును. ప్రసజ్యప్రతిషేధమున నిషేధమాత్రమే ప్రధానము. ఈ లక్షణమును పర్యుదాసముగా గ్రహించిననే యర్థవంతము. అట్లు గ్రహింపఁగా సాదృశ్యము దేనియందు అను ప్రశ్నము పుట్టును. రెండును తెరమీఁదఁ గదలుటయందు సదృశములు. భేదము దేనియందు? ఆ భేదమును చెప్పక లక్షణము పూర్ణము గానేరదు.

ఆంధ్రదేశపు తోలుబొమ్మలాట దీనికి మంచి నికషము. అనంతపురమండలమునఁ బ్రసిద్ధమై, నేఁడు శ్రీసత్యసాయిజిల్లాలోఁ జేరిన నిమ్మలకుంట గ్రామమందలి బొమ్మలను చూచినవా రెఱుఁగుదురు. మేకతోలును పలుచఁగా సాఁగఁదీసి, రంగులు పూసి, చిల్లులు పొడిచి, కీళ్లు కూర్చి, దీపమునకును తెరకును నడుమ ఆడింతురు. రంగనాథరామాయణపు ద్విపదలను పాడుచు నాడించుట వారి సంప్రదాయము. ఈ యాటను ఎవరేని యంత్రముతోఁ బట్టి తెరమీఁదఁ జూపినచో అది ప్రాణితచిత్రమగునా? కాదు. ఆడించువాని చేయి అవిచ్ఛిన్నముగాఁ గదలినది. యంత్రము దానిని ఉన్నదున్నట్లు గ్రహించినది. అది ప్రత్యక్షగ్రహణమే. జర్మనీదేశమున లోట్టె రైనిగెర్ యను నామె 1926 లో పూర్తిచేసిన 'రాకుమారుఁడు అహ్మదు సాహసములు' అను చిత్రమునందును నీడబొమ్మలే యున్నవి. ఆమె అట్టను, సీసపురేకును కత్తిరించి కీళ్లు కూర్చి, వెలుఁగుపైఁ బఱచి, వెండ్రుకవాసి జరిపి యొక ఛాయాగ్రహణము, మరల జరిపి మరియొకటి, ఇట్లు లెక్కలేనన్ని మాఱులు చేసినది. అది నిస్సంశయముగా ప్రాణితచిత్రము. రెండింటను బొమ్మ యొక్కటే, దీప మొక్కటే, నీడ యొక్కటే. కావున భేదము వస్తువునందు లేదు, వెలుఁగునందు లేదు, క్రియయందున్నది.

విపర్యయముగా మెక్లారెన్ 1952 లో నిర్మించిన 'ఇరుగుపొరుగువారు' అను చిత్రమును చూడఁదగును. అందు బొమ్మలు లేవు. రక్తమాంసములు గల యిద్దఱు మనుష్యులు ఒక పువ్వు కొఱకు కలహించి నశింతురు. అయినను వారి నడకయుఁ బెనుగులాటయు అనేకస్థలములందు విడివిడి నిలుకడలుగాఁ బట్టి కూర్పఁబడినవి. నటులు సచేతనులే, వారి చలనము మాత్రము కల్పితము. చేతనులైన మనుష్యులు ప్రాణితచిత్రమునఁ జేరుటయు, అచేతనమైన తోలుబొమ్మ బయట నుండుటయు తొలిచూపునకు వింతగా నుండును. క్రియను బట్టి చూచినవారికి వింత లేదు.

క్రియాస్వరూపము

క్రియ మిక్కిలి యప్రత్యక్షమనియు, ముద్దచేసి చూపుటకు శక్యము గాదనియు, ఫలమునుబట్టి యూహింపవలసినదే యనియు మహాభాష్యకారుఁడు ధాతుసంజ్ఞావిచారమునఁ జెప్పెను. వాక్యపదీయమందలి క్రియాసముద్దేశమున భర్తృహరి దీనిని విశదపఱచెను. వంట యను క్రియలో పొయ్యి రగుల్చుట, ఎసరు పెట్టుట, బియ్యము పోయుట మొదలగు అవయవములు ఒకదానివెంట నొకటి పుట్టి నశించుచుండును. అవి యన్నియు నొక్కక్షణమున నెన్నఁడును కలసియుండవు. క్రమముగాఁ బుట్టిన యా యవయవములను బుద్ధి అభేదముగాఁ గూర్చుకొని 'వండుచున్నాఁడు' అని యేకక్రియగా గ్రహించును. క్రియకు ఏకత్వ మొసఁగినది బుద్ధియే.

ఈ సిద్ధాంతమునకు దృష్టాంతముగా ప్రాణితచిత్రముకంటెఁ దగినది దొరకదు. సామాన్యముగా ఒక్కొక్క నిమేషమున, అనఁగా సెకండునకు, 24 ప్రతిమలు తెరమీఁదఁ బడును. ఏ ప్రతిమయుఁ గదలదు. కదలినట్లు తోఁచు పక్షి ఏ ప్రతిమయందును లేదు. ప్రతిమల నడుమ నున్నది, చూచువాని బుద్ధియందున్నది. కదలు గీఁతలకంటె గీయఁబడిన కదలికయే యీ కళయని మెక్లారెన్ అభిప్రాయము. ఒక ప్రతిమకును దాని తరువాతి ప్రతిమకును నడుమ జరుగునది యా ప్రతిమలకంటె ముఖ్యమని యతఁడు తలఁచెను. శాబ్దికుఁడు పరిభాష మార్చి చెప్పిన మాటవలె నిది యున్నది. అతని 'బ్లింకిటీ బ్లాంక్' అను చిత్రము 1955 లో కాన్ నగరమున లఘుచిత్రములలో అగ్రపురస్కార మందినది. నల్లని ఫిల్మును గీఁకి చేసిన యా చిత్రమున పెక్కు స్థానములు ఖాళీగానే విడువఁబడినవి. ఉన్న కొలఁది గీఁతలనుండి ప్రేక్షకుని బుద్ధి పక్షులను, వాని కలహమును తానే పూరించుకొనును. అవయవములు లోపించినను క్రియ లోపింపలేదు.

కావున లక్షణమును విధిముఖముగా నిట్లు చెప్పవచ్చును: ఏ చిత్రమున క్రియ యొక్క క్రమికావయవములు ఒక్కొక్కటి వేఱువేఱుగా నిర్మింపఁబడి, ప్రేక్షకుని బుద్ధియందే యేకక్రియగా సిద్ధించునో అది ప్రాణితచిత్రము. ప్రత్యక్షగ్రహణమునందు సంపూర్ణమైన క్రియ ముందే జరిగియుండును, యంత్రము దానిని తునియలుగా కోయును. ఇచ్చట తునియలే మొదట నుండును, క్రియ పిమ్మటఁ బుట్టును. ఈ లక్షణమునకు తోలుబొమ్మలాటయందు అతివ్యాప్తి లేదు. మనుష్యులతో నైన మెక్లారెన్ చిత్రమునందును, వేలకొలఁది సూదులను పలకలో నెగ్గించి దిగ్గించి వాని నీడలతో అలెక్సేయెఫ్, క్లేర్ పార్కర్ దంపతులు 1933 లో నిర్మించిన చిత్రమునందును అవ్యాప్తి లేదు.

ఇంకొక చారిత్రకాంశము దీనికి బలము. లూమియేర్ సోదరులు 1895 డిసెంబరు 28 న పారిసునఁ జలచ్చిత్రములను ప్రదర్శించిరి. అంతకు మూఁడేండ్లు ముందే, 1892 అక్టోబరు 28 న, ఆ నగరమందే గ్రెవాఁ ప్రదర్శనశాలలో ఎమీల్ రేనో తాను చేతితోఁ జిత్రించిన పటములను తెరమీఁదఁ గదలించి చూపెను. ఆ తేదినే అంతర్జాతీయ యానిమేషను దినముగా అసీఫావారు 2002 నుండి పాటించుచున్నారు. కావున ప్రాణితచిత్రమును ఛాయాగ్రహణచలచ్చిత్రమునకు శాఖగాఁ దలఁచుట కాలక్రమవిరుద్ధము. అగ్రజుని అనుజునితోడి భేదముచేత లక్షించుట యెట్లు శోభింపదో, నిషేధముఖమైన పూర్వలక్షణమును అట్లే శోభింపదు.

కార్యక్రమవిభాగము

ఇఁక పట్టికను పరిశీలింపవలెను. లఘుచిత్రముల యధికారిక స్పర్ధ, 'దృక్పథములు' అను లఘుచిత్రవర్గము, 'హద్దులు లేనివి' అను ప్రయోగచిత్రవర్గము, బాలప్రేక్షకవర్గము, విద్యార్థులు చదువుముగింపున నిర్మించిన చిత్రములు, టెలివిజనుచిత్రములు, ఒరుల కోరికపైఁ జేయఁబడినవి, కంటికి కవచముంచుకొని చూడవలసిన కల్పితవాస్తవచిత్రములు, దీర్ఘచిత్రముల యధికారిక స్పర్ధ, 2019 లో క్రొత్తగా నేర్పడిన 'కోంత్రషాఁ' అను రెండవ దీర్ఘచిత్రస్పర్ధ, ఇవి ముఖ్యవర్గములు. స్పర్ధ వెలుపల పూర్వచిత్రములు, నిర్మాణదశలో నున్న చిత్రములను గూర్చిన ప్రసంగములు, సరస్తీరపు పచ్చికబయలునందు రాత్రివేళ ప్రదర్శనములు నుండును. 1985 నుండి క్రయవిక్రయముల విపణియు జతచేరినది. అప్పుడప్పుడొక దేశమునకు విశేషస్థాన మొసఁగుదురు. 2019 లో జపానునకును, 2024 లో పోర్చుగలునకును, 2025 లో హంగేరీకిని అట్టి గౌరవము లభించినది.

ఈ విభాగమునఁ దోఁచు దోషము సాంకర్యము. కొన్ని వర్గములకు పరిమాణము భేదకము, కొన్నిటికి నిర్మాతయవస్థ, కొన్నిటికి ప్రయోజనము, కొన్నిటికి ప్రేక్షకవయస్సు, కొన్నిటికి దర్శనసాధనము, మఱికొన్నిటికి సాహసము. ఒకే విభాగమున నిన్ని భేదకములుండఁగా, విద్యార్థి యొకఁడు బాలుర కొఱకు నిర్మించిన సాహసోపేతమైన లఘుచిత్రము నాలుగు వర్గములయందును బ్రవేశింపఁగలదు.

దీనికి సమాధానము లేకపోలేదు. ధాతుపాఠమున దశగణములు గలవు. అవి యర్థమునుబట్టి యేర్పడినవి గావు; ప్రక్రియాసౌకర్యమునకు, వికరణభేదమునుబట్టి యేర్పడినవి. ఒకే ధాతువు రెండుమూఁడు గణములందుఁ జదువఁబడుటయుఁ గలదు. గణవిభాగము శాస్త్రవ్యవహారమునకే గాని ధాతువుల తారతమ్యమునకు గాదు; భ్వాదిగణమందలిది యధికమనియు, చురాదిగణమందలిది న్యూనమనియు నెవ్వరును దలంపరు. ఉత్సవపు పట్టికయు నట్లే వ్యవహారార్థమని చెప్పవచ్చును. ఈ సమాధానము కొంతవఱకు గ్రాహ్యము.

అయినను ధాతుపాఠమునకును పట్టికకును నొక యంతర మున్నది. పట్టికయందు గణము గౌరవమునకు హేతువగుచున్నది. 1960 లో నీ యుత్సవమునకు ప్రాణము లఘుచిత్రమే. దీర్ఘచిత్రములకు ప్రత్యేకబహుమానము 1985 లో వచ్చినది. అప్పటినుండి లోకదృష్టి క్రమముగా దీర్ఘచిత్రముపై వ్రాలినది. పత్రికలు ముందుగాఁ బ్రకటించునది దాని ఫలితమునే. మెక్లారెన్ మొదలగువారు కొలఁది నిమిషములలో సాధించినది శ్లోకమువలె స్వయంపూర్ణము. దానిని దీర్ఘచిత్రమునకు సోపానముగాఁ జూచుట ముక్తకమును మహాకావ్యమునకు ముడిసరకుగాఁ జూచుటవంటిది. ఉత్సవనిర్వాహకులు లఘుచిత్రస్పర్ధను తొలఁగింపక ప్రముఖముగా నిలుపుట శ్లాఘ్యము. విపణి పెరిగినకొలఁది ఆ ప్రాముఖ్యమును కాపాడుట కష్టతరమగును. కాపాడకున్న ఉత్సవము తన మూలమును కోల్పోవును.

వర్గములు దుర్భేద్యములు గావనుట కొక మంచి యుదాహరణము గలదు. లాత్వియాదేశీయుఁడు గింట్స్ జిల్బాలోడిస్ తానొక్కఁడే నిర్మించిన 'అవే' యను దీర్ఘచిత్రము 2019 లో కోంత్రషాఁ వర్గమున బహుమానమందెను. అతని 'ఫ్లో' 2024 లో అధికారికస్పర్ధయందే నిలిచి పెక్కు పురస్కారములఁ గొనెను. అందు మాట లేదు. పిల్లియు, తక్కిన జంతువులును జలప్రళయమునఁ బడవపైఁ బోవుటయే కథ. రెండవ వర్గమందున్నవాఁడు ఐదేండ్లలో మొదటి వర్గమున కెక్కినచో, ఆ వర్గభేదము స్వాభావికము గాదని స్పష్టము.

ప్రేక్షకసభయొక్క యాచారములను కొన్నిటిని పేర్కొనకుండుట యుచితము గాదు. ప్రదర్శనమునకు ముందు యువజనులు కాగితపు విమానములను వేదికపైకి విసరుదురు. దీపములాఱఁగానే చేఁపలవలె శబ్దముచేయుదురు. తెరపైఁ గుందేలు కనఁబడినచో 'కుందేలు!' అని తమభాషలో ఏకకంఠముగా నఱచుదురు. గంభీరులకు హాస్యాస్పదమైనను, సభ జీవించియున్నదనుటకు నివి చిహ్నములు.

లక్ష్యవిచారము

బహుమతచిత్రములలో భారతీయసంబంధము గలవి రెండు విశేషముగాఁ బరిశీలింపఁదగినవి. గుజరాతుదేశీయుఁడై కెనడాలోఁ బనిచేసిన ఈశు పటేల్ గారి 'మరణానంతరము' 1979 లో ఆన్సీయందు అగ్రపురస్కారమును పొందినది. గాజుపలకపై మెత్తని ప్లాస్టిసీన్ మైనపుమట్టిని పలుచఁగాఁ బూసి, అడుగునుండి వెలుఁగు ప్రసరింపఁజేసి, పూఁత మందమును బట్టి వెలుఁగునీడలు పుట్టించుట అందలి ప్రక్రియ. ముందటి రూపమును చెఱపిననే గాని తరువాతి రూపము పుట్టదు. పునర్జన్మవిషయమునకు ఈ ప్రక్రియ యెంత యనురూపమో సహృదయులు గ్రహింపవచ్చును. విషయమును ప్రక్రియయు నొక్కటైన సందర్భ మిది.

రెండవది అమెరికాదేశీయురాలు నీనా పేలీ రచించిన 'సీత శోకగీతములు పాడును' అను నర్థము గల దీర్ఘచిత్రము. 2008 లో ఆన్సీయందు దీర్ఘచిత్రములలో ప్రథమమైన స్ఫటికపురస్కారము దీనికే వచ్చెను. భర్తచేఁ బరిత్యక్త యైన యామె తన వృత్తాంతమును సీతావృత్తాంతముతో జోడించి, 1920 ప్రాంతమున ఆనెట్ హాన్షా పాడిన యమెరికా పాటలను సీతనోట నుంచినది. రామాయణకథాభాగము రాజపుత్రచిత్రములను బోలిన శైలి నొకచోటను, నున్నని గుండ్రని గీఁతల నొకచోటను నడచును. స్వవృత్తాంతము వణఁకు గీఁతలతో నుండును. ఇండోనీసియా నీడబొమ్మలు మూఁడు నడుమ నడుమ వచ్చి కథను గూర్చి తమలోఁ దాము తర్కించుకొనును. అర్థభేదమునుబట్టి రీతిభేదము కల్పించుట ప్రశంసనీయము. దీర్ఘచిత్రమునఁ జిత్రరచన నింతమేర నొక్కవ్యక్తియే నిర్వహించుటయు నరుదు.

దోషమును గలదు. నీడబొమ్మల సంభాషణము ముందుగా వ్రాయఁబడినది గాదు. ముగ్గురు భారతీయులు జ్ఞాపకమున నున్నంత చెప్పుచు, ఒకరినొకరు సవరించుకొందురు. దానిచేఁ బాఠభేదములు హాస్యరసమునకు దోహదములైనవి. హాస్యము సీతయొక్క కరుణమునకు అంగముగా నున్నంతవఱకు సరసమే. నాయకుని ధర్మసంకటమును చర్చింపక యతనిని కేవలము క్రూరునిగాఁ జేసినచోట కరుణమే బలహీనమగును. పరిత్యాగము ఇరువురికిని దుఃఖమైననే గాని కరుణరసము గాఢము గాదు. ఇట్లనుటచే సీతాపక్షమున నిలుచుటయే దోషమని యర్థము గాదు. తెనుఁగుదేశపు స్త్రీల రామాయణపు పాటలు, ఊర్మిళాదేవి నిద్ర మొదలగునవి, అంతఃపురస్త్రీల దుఃఖమును స్త్రీలకంఠముననే తరతరములుగాఁ బలికించినవి. ఆ సంప్రదాయమునఁ బెరిగినవారికి సీతపాట క్రొత్తది గాదు. పాటకు వెనుక నుండవలసిన రామదుఃఖము తఱిగినదే యిచ్చట లోపము. ఉత్సవనిర్ణేతలు ప్రక్రియను గౌరవించిరి. అర్థౌచిత్యమును విచారించు భారము మూలకథ నెఱిఁగిన సమాజములయందలి విమర్శకులదే.

2021 లో స్ఫటికపురస్కారమందిన 'ఫ్లీ' యను డెన్మార్కు చిత్రము వేఱొక ప్రశ్నము కల్పించును. అది అఫ్గానుదేశమునుండి పాఱివచ్చిన యొక శరణార్థి చెప్పిన నిజవృత్తాంతము. అతని ముఖమును, పేరును దాఁచుటకు గీఁతలే యావరణమైనవి. ప్రాణితచిత్రము కల్పితకథలకే యను వాదము దీనితో నిరస్తమైనది. గీఁత యిచ్చట సత్యమును కప్పుటకు వచ్చి, సత్యము పలుకుటకు అవకాశమిచ్చినది.

కర్తృవిచారము

నేఁడు ఈ కళ యెదుట నిలిచిన గురుతరప్రశ్నము కర్తృవిషయకము. కృత్రిమమేధ యనఁబడు యంత్రము కొన్ని మాటలు చెప్పినంతనే ప్రతిమలను, వాని నడుమ కదలికను దానే కల్పించుచున్నది. అట్టి చిత్రము ఉత్సవమున కర్హమా? నిషేధముఖమైన పూర్వలక్షణమును బట్టి నిరాకరించుట కష్టము. అది ప్రత్యక్షగ్రహణము గాదు గదా. లక్షణదోషఫల మిచ్చట ప్రత్యక్షమగుచున్నది.

పాణినీయమున స్వతంత్రుఁడు కర్త. క్రియాసిద్ధికి మిక్కిలి యుపకరించునది కరణము. లేఖిని, కత్తెర, గణకయంత్రము ఇవి యన్నియు కరణములే. గీచువాఁడు తలఁచినట్లే కదలును గనుక వానిచేఁ గర్తృత్వమునకు హాని లేదు. 'దేవదత్తుఁడు యజ్ఞదత్తునిచేత వండించుచున్నాఁడు' అన్నచోట దేవదత్తుఁడు ప్రయోజకకర్త. యంత్రమునకు ఆజ్ఞ యిచ్చినవాఁడును ప్రయోజకుఁడు గనుక కర్తయే యని పూర్వపక్షము. అది కొంత నిజమే. కాని ప్రయోజకుఁ డున్నచోట ప్రయోజ్యుఁడును ఉండును. వంటయొక్క యవయవములను నిర్వర్తించినవాఁడు యజ్ఞదత్తుఁడే. వంటయందు రుచి నెఱిఁగి ఉప్పు వేసినది దేవదత్తుఁడని యెవ్వఁడును చెప్పఁడు. ప్రాణితచిత్రమున సారము అవయవముల నడిమి నిర్ణయమునందున్నదని పైన స్థాపింపఁబడినది. ఆ నిర్ణయమును యంత్రమే చేసినచో ఆజ్ఞాపించినవాఁడు చిత్రమునకుఁ బ్రయోజకుఁడగును గాని యా కదలికకు స్వతంత్రకర్త గాఁడు. 'కట్టెలు వండుచున్నవి' యని వివక్షచేత కరణమునకుఁ గర్తృత్వ మారోపించుట వ్యాకరణసమ్మతము. అంతమాత్రమునఁ గట్టెలకుఁ బురస్కార మీయరు.

కావున నిర్వాహకులు యంత్రవినియోగమును సర్వథా నిషేధింపవలసిన పని లేదు. ప్రతి చిత్రమునకును, క్రియావయవములలో నెవ్వి నిర్మాత నిర్ణయించినాఁడు, ఎవ్వి యంత్రము నిర్ణయించినది యని నివేదిక కోరినచో చాలును. అవయవనిర్ణయము నిర్మాతయందున్నంతవఱకు యంత్రము కరణము, చిత్రము ప్రాణితము. ఆ నిర్ణయము యంత్రమునకు మాఱినచో అది వేఱొక జాతి. దానికి వేఱు పేరును వేఱు పీఠమును కల్పింపవచ్చును. 'ప్రాణితము' అను పదమందలి ణిచ్ప్రత్యయము వ్యర్థము గాకుండుటకు ఊపిరి పోసినవాఁ డుండవలెను.

నిగమనము

ఆన్సీయుత్సవమున లక్ష్యసంపద సమృద్ధముగా నున్నది. లక్షణము మాత్రము దుర్బలము. లక్ష్యమును చూచి లక్షణమును సవరించుకొనుట శాస్త్రమర్యాద. కార్యక్రమవర్గములు వ్యవహారార్థములని ప్రకటించి లఘుచిత్రమునకు పూర్వగౌరవమును నిలుపుట, విధిముఖమైన లక్షణమును స్వీకరించుట, కర్తృత్వనివేదికను నియమించుట, ఈ మూఁడును జరిగినచో రాఁబోవు తర్కములకు నిర్వాహకులు భయపడవలసిన పని యుండదు. తెలుఁగుపాఠశాలలందలి పండితులకును దీనివలన నొక లాభము గలదు. క్రియ యనఁగా పూర్వాపరీభూతావయవసముదాయమని బాలురకు బోధించుట కష్టమని పండితులు వాపోవుదురు. పుస్తకపుటంచున నిరువది గీఁతలు గీచి, పుటలను వ్రేలితో జాఱవిడిచి చూపినచో, పక్షి యెగురును. క్రియాసముద్దేశము సగము బోధపడును.